షెడ్డు కాడి చిన్న పొయ్యికి ఏ కట్టె?



ఈ వారం గూళ్ల ధరల సంగతి కొంచెం పక్కన పెడదాం. షెడ్డు కాడ పెట్టుకునే చిన్న కట్టెల పొయ్యి గురించి మాట్లాడదాం. అందులో ఏం మండించాలి, ఏం మండించకూడదు అనేది ఈసారి మా అంశం. పొయ్యికి కూడా ఇంత ఉపన్యాసమా అని నవ్వుకోవద్దు. పంట పోయే సంగతీ, మనిషి పోయే సంగతీ రెండూ ఇందులో ఉన్నాయి. చలి ముదరక ముందే చెప్పాలని ఇప్పుడు రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఆ పొయ్యికి మన తోటలోని మల్బరీ కట్టెను మించింది లేదు. కానీ మల్బరీ అయినంత మాత్రాన సరిపోదు. ఎండిన కట్టె కావాలి, సన్నని కట్టె కావాలి, రోగం లేని పంటలోది కావాలి. ఎంత మంచి కట్టె అయినా సరే, నిప్పు మాత్రం పురుగులున్న గదిలోకి రాకూడదు, మనుషులు పడుకునే గదిలోకీ రాకూడదు. ఇక ఎందుకో ఒక్కొక్కటే చెప్తాం.

పొయ్యి షెడ్డుకు ఎట్లా వచ్చింది

తట్టల్లో పురుగులు మేపే కాలంలో ఈ సమస్య లేదు. పురుగులు ఇంట్లోనే, వంటిల్లు పక్కనే. కొమ్మలతో మేపే పద్ధతి వచ్చినాక షెడ్డు తోటలోకి పోయింది. నాలుగో జ్వరం లేచినాక ఏడెనిమిది రోజులు ఇంట్లోవాళ్లు సగం మంది అక్కడే. మూడు పూటలా కొమ్మలు వెయ్యాలి, రాత్రి ఎలుకలు చూసుకోవాలి, పురుగు పండితే చంద్రికల పని. ఆ రోజుల్లో టీ కావాలి, సంగటి కావాలి, వేడినీళ్లు కావాలి. 14.2 కిలోల గ్యాసు సిలిండరును ప్రతి పంటకీ తోటకు మోసుకుపోయేవాళ్లు తక్కువ. అందుకే మూడు రాళ్లు పెట్టుకుంటాం, లేదంటే ఇనుప డబ్బా పొయ్యి.

ఈ మధ్య ఇంకో రకం కూడా షెడ్ల కాడ కనిపిస్తోంది. బెంగళూరు పిల్లలు స్కందగిరి ఎక్కడానికి వచ్చేటప్పుడు సంచిలో పెట్టుకుని తెచ్చే రకం చిన్న స్టీలు పొయ్యి. కింద రంధ్రాలు, పైన రంధ్రాలు, చేతిలో పట్టేంత సైజు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. మంచిదే. కానీ కొన్నవాళ్లలో చాలామంది పది రోజులకే మూలన పడేస్తున్నారు. "పొగ, మసి, మంట నిలవదు" అంటారు. మేము చూసినంతలో తప్పు పొయ్యిది కాదు, అందులో పెట్టిన కట్టెది.

కట్టె ఎట్లా మండుతుంది

కట్టె వేడెక్కితే మొదట అందులోని నీళ్లు ఆవిరైపోతాయి. ఆ తర్వాత కట్టెలోంచి ఆవిరి లాంటి గ్యాసు బయటికి వస్తుంది. మనం చూసే మంట ఆ గ్యాసుదే. చివరికి మిగిలేది బొగ్గు, అది ఎర్రగా కణకణమంటుంది. పొగ అంటే మండకుండా తప్పించుకుపోయిన ఆ గ్యాసే. అంటే పొగ రూపంలో మన వంటచెరకు గాలిలో పోతోందన్న మాట. చిన్న పొయ్యికి పైన రెండో వరస రంధ్రాలు పెట్టేది అందుకే. తప్పించుకుపోయే పొగకు అక్కడ వేడి గాలి తగిలి మళ్లీ మండుతుంది.

ఇందులో మన చేతిలో ఉన్నది నీళ్ల సంగతి. అప్పుడే కోసిన కొమ్మలో దాదాపు సగం నీళ్లే. ఒక కిలో నీళ్లను ఆవిరి చెయ్యడానికి సుమారు 620 కిలో కేలరీల వేడి కావాలి. అదే వేడితో ఎనిమిది లీటర్ల నీళ్లు మరిగించుకోవచ్చు. పచ్చికట్టె పెట్టినవాడు ముందు కట్టెలోని నీళ్లకు వంట చేస్తాడు, ఆ తర్వాత తన సంగటికి. ఇంకో నష్టం కూడా ఉంది. ఆవిరి వల్ల మంట చల్లబడుతుంది. మంట చల్లబడితే గ్యాసు మండదు, పొగ అవుతుంది. పెద్ద పొయ్యి అయితే వేడి నిలువ ఉండి ఎట్లాగో నెట్టుకొస్తుంది. చిన్న పొయ్యికి ఆ నిలువ లేదు. ఒక్క పచ్చిపుల్ల చాలు, ఆరిపోతుంది.

ఎండిన కట్టె ఒక కిలోలో నాలుగు వేల కిలో కేలరీలకు పైనే ఉంటాయి. పొయ్యి సరిగా మండి ఆ వేడిలో అయిదో వంతు గిన్నెకు చేరినా, లీటరు నీళ్లు మరగడానికి వంద గ్రాములు చాలు. గుప్పెడు పుల్లలు. మూడు రాళ్ల పొయ్యిలో గాలి కొడుతుంటే ఇంతకు రెండింతలు పోతుంది.

బొటనవేలి లావు, జానెడు పొడవు

మల్బరీ కట్టె చిన్న పొయ్యికి ఎందుకు బాగుంటుందంటే, గొడ్డలి పని లేదు. రెండు రెండున్నర నెలలకు ఒకసారి కోసే కొమ్మ కాబట్టి మొదట్లో బొటనవేలి లావు, కొసకు చిటికెన వేలి లావు ఉంటుంది. చేత్తోనే జానెడు ముక్కలు విరుచుకోవచ్చు. సన్నని కట్టెకు మంట తొందరగా అంటుకుంటుంది. లావు మొద్దు చిన్న పొయ్యిలో దూరితే గాలి దారి మూసేస్తుంది, పైపైన నల్లబడి పొగలు కక్కుతుంది.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి మిషన్లు అక్కర్లేదు. విరిస్తే టప్‌మని విరగాలి. వంగితే ఇంకా పచ్చిది. రెండు పుల్లలు ఒకదానికొకటి కొడితే గట్టిగా మోగాలి, మెత్తని శబ్దం వస్తే నీళ్లున్నట్టు. తొక్క దానంతట అదే లేస్తుంటే, కోసిన చివర పగుళ్లు వస్తే కట్టె సిద్ధం.

మేము పాటించే లెక్క సులభం. ఈ పంట కట్టె వచ్చే పంటకు. ఏడాదికి అయిదు పంటలు తీసేవాళ్లకు పంటకు పంటకు మధ్య డెబ్భై రోజులు వస్తాయి. ఎండాకాలంలో అంతకు చాలా ముందే ఎండుతుంది. వానల్లో మాత్రం పైన రేకు, కింద నాలుగు రాళ్లు ఉండాలి. నేల మీద వేస్తే కింది కట్టె చెదలకే.

మల్బరీ కట్టెలోనే ఉన్న చిక్కు

ఇక్కడే మా మాట కొంచెం గట్టిగా చెప్పాలి. మల్బరీ కట్టె మంచిదని పడకల మీద నుంచి తీసిన కట్టె అంతా షెడ్డు గోడకు ఆనించి పేర్చేవాళ్లున్నారు. అది వద్దు.

పడక మీద నుంచి వచ్చిన కట్టెకు పురుగుల రెట్ట అంటి ఉంటుంది, చచ్చిన పురుగులు అంటి ఉంటాయి. ఆ పంటలో సున్నకట్టు రోగం వచ్చి ఉంటే, చచ్చిన పురుగు మీది తెల్లపొడి గాలికి లేస్తుంది. ఆ పొడే రోగానికి విత్తనం. పాలురోగం వచ్చి ఉంటే దాని విషం ఎండినా చాలాకాలం చావదు. మండించిన కట్టెలో రోగం కాలిపోతుంది, నిజమే. కానీ మండించేలోపు రెండు నెలలు షెడ్డు గోడకు పక్కనే ఉంటుంది కదా. బ్లీచింగు కొట్టి, సున్నం చల్లి, షెడ్డు అంతా శుద్ధి చేసుకుని, గోడ అవతల రోగాన్ని మోపులు కట్టి దాచుకున్నట్టు అవుతుంది. పైగా సున్నకట్టు చలికాలం, వానాకాలం రోగం. మనకు నిప్పు ఎక్కువ కావలసిందీ అప్పుడే.

అందుకే రెండు వరసలు పెట్టుకోండి. పంట బాగా వచ్చి, రోగం లేకుండా గూడు కట్టిన పంటలో కట్టె మాత్రమే పొయ్యికి. అది కూడా షెడ్డుకు దూరంగా, షెడ్డు వైపు గాలి వీయని చోట ఎండాలి. రోగం వచ్చిన పంటలోని కట్టె, చెత్త పొయ్యి దాకా రాకూడదు. దూరంగా గుంతలో వేసి కాల్చడమో పూడ్చడమో చెయ్యాలి. అన్నిటికన్నా శుభ్రమైనది ఇంకొకటి ఉంది. పడక ఎక్కని కట్టె. తోట కత్తిరించినప్పుడు మేతకు పనికిరాని ముదురు మొదళ్లు మిగులుతాయి. పురుగు ముట్టని కట్టె అది. పొయ్యికి మొదట దాన్నే ఎండబెట్టుకోండి.

కట్టె అంతా ఎరువుకే పోవాలి, పొయ్యికి వద్దు అనే రైతులు కూడా మన గుంపులో ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. వీ1 తోటకు ఎకరాకు ఏడాదికి ఎనిమిది టన్నుల పశువుల ఎరువు వెయ్యమంటారు, అంత ఎరువు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? తోటలోంచి తీసిన కట్టె తోటకే పోతే నేల బాగుపడుతుంది. మేము కాదనం. కానీ లెక్క చూడండి. పది రోజులు షెడ్డు కాడ వంటకు రోజుకు మూడు కిలోలు అనుకున్నా ముప్ఫై కిలోల ఎండుకట్టె. ఎకరం తోట నుంచి ఒక పంటకు వచ్చే కట్టె టన్నుల్లో ఉంటుంది. పొయ్యికి పోయేది పిడికెడు, మిగతాది గుంతకే. ఆ పిడికెడు కట్టె బూడిద కూడా తోటకే పోవచ్చు. అందులో పొటాషు, సున్నం ఉంటాయి, నత్రజని ఉండదు. యూరియాతో కలిపి మాత్రం చల్లొద్దు, నత్రజని గాలికి పోతుంది.

మల్బరీ చాలకపోతే

ఒక్కో చోట ఒక్కో కట్టె దొరుకుతుంది. కోలారు, చిక్కబళ్లాపురం వైపు సర్కారు తుమ్మ ఉంది, మనవాళ్లు జాలి అంటారు. బరువైన కట్టె, వేడి ఎక్కువ, నిప్పులు బాగా నిలుస్తాయి. ముళ్లు చూసుకోవాలి, సన్నగా చీల్చుకోవాలి. చింత కూడా అంతే, చీల్చడమే కష్టం. నీలగిరి దబ్బున మండి దబ్బున అయిపోతుంది, ఘాటు వాసన. రాజుకోవడానికి బాగుంటుంది, సంగటి ఉడకడానికి కాదు. నీళ్లు తాగేస్తోందని కర్ణాటకలో 2017లో కొత్తగా నాటడం ఆపేశారు, అయినా పాత తోపుల కట్టె ఇంకా దొరుకుతోంది. శ్రీనివాసపురం, కృష్ణగిరి వైపు మామిడి కొమ్మలు మిగులుతాయి. బాగా ఎండితే పర్వాలేదు, సగం ఎండితే పొగే. టెంకాయ చిప్పలు చిన్న పొయ్యికి చాలా బాగుంటాయి, వేడి ఎక్కువ కాబట్టి ఒకేసారి నింపొద్దు. పీచు మాత్రం రాజుకోవడానికే.

సముద్రం వైపు, ఒడిశా తీరంలో ఉన్నవాళ్లకు సరుగుడు ఉంటే ఇంకేమీ వెతకనక్కర్లేదు. చిన్న కొమ్మలు కూడా గట్టి వేడినిస్తాయి.

మహారాష్ట్రలో జాల్నా, బీడ్ వైపు ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ పత్తికట్టె కుప్పలుగా దొరుకుతుంది. వద్దని మా సలహా. పత్తి మీద కొట్టిన మందులు మన పురుగుకు శత్రువులు. కట్టెలో, ఎండిన కాయల్లో గులాబీ పురుగు దాక్కుని మళ్లీ పత్తి మీదికి పోతుంది. అందుకే ఆ కట్టె పేర్చి ఉంచొద్దని వ్యవసాయం వాళ్లే చెప్తారు. కందికట్టె, తుమ్మ మేలు.

పొయ్యి దగ్గరకే రానివ్వకూడనివి కొన్ని ఉన్నాయి. గన్నేరు కొమ్మలు, పాలు కారే జెముడు కట్టె పొగ మంచిది కాదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు, మందు డబ్బాల అట్టలు, యూరియా సంచులు వద్దు. చిరిగిన ప్లాస్టిక్ నేత్రికలు, బ్లీచింగు, ఫార్మలిన్ తాగిన పాత వెదురు చంద్రికలు అంతకంటే వద్దు. రాజుకోవడానికి కిరోసిన్ పోసే అలవాటు ఇంకా కొందరికి ఉంది. కిరోసిన్ పురుగుల్ని చంపేది. ఆ చేత్తోనే వెళ్లి ఆకు ముడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మొక్కజొన్న బెండ్లు, ఎండు మల్బరీ కొసలు, టెంకాయ పీచు ఉంటే కిరోసిన్ ఎందుకు?

బొగ్గు మీద మోజు గురించి

ఇప్పుడు అసలు మాట. చలికాలంలో మన మైదానాల మీద రాత్రి చలి 15 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. చాకీ పురుగుకు 27, 28 డిగ్రీలు కావాలి. అయిదో దశకు వచ్చిన పురుగుకు కూడా 24 దాకా కావాలి. చాలక కుంపటి తెచ్చి లోపల పెడతారు. "కట్టె అయితే పొగ, బొగ్గు అయితే పొగ ఉండదు కదా" అని బొగ్గు ఏరుకుంటారు. వంట అయినాక మిగిలిన నిప్పుల్ని పొయ్యితో సహా లోపలికి తెచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

పొగ లేకపోవడమే ఇక్కడ ప్రమాదం. నిప్పులకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ వస్తే కళ్లు మండి, దగ్గు వచ్చి మనిషి బయటికి పరుగెత్తుతాడు. ఇది అట్లా లేపదు. తలనొప్పి, మత్తు, నిద్ర, ఆ నిద్రలోనే పోతారు. చలికాలంలో తలుపులు బిగించుకుని కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారి లేవలేదనే వార్త ఏదో ఒక ఊరి నుంచి ప్రతి ఏడూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. షెడ్డు పక్క గదిలో పురుగుల కాపలాకు పడుకునేది మన ఇంటి మనిషే కదా.

పురుగు సంగతి కూడా చూడండి. దానికి ముక్కు లేదు. ఒంటి పక్కల వరసగా తొమ్మిది జతల రంధ్రాలున్నాయి, వాటితోనే ఊపిరి. గాలి ఆడని షెడ్డులో పొగ నిలిస్తే మొదట మేత తగ్గిస్తుంది. నిప్పు వేడి గాలిని ఎండగొడుతుంది, చాకీకి కావలసిన 85 శాతం తేమ పోతుంది, ఆకు వాడిపోతుంది. వేడి ఇచ్చామనుకుంటాం, ఆకలి పెడతాం.

మరి ఏం చెయ్యాలి? చాకీని చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం లేచినాక తెచ్చుకుంటే ఎక్కువ వేడి కావలసిన రోజులు మన మీద పడవు. కరెంటు హీటరు ఉంటే అదే మేలు. కరెంటు పోయిన రాత్రికి మా సలహా వేడినీళ్లు. పొయ్యి బయటే ఉండాలి, నీళ్లు మాత్రం లోపలికి పోవాలి. అయిదు లీటర్ల గిన్నెలు నాలుగు, మొత్తం ఇరవై లీటర్లు కాచి, మూతలు పెట్టి లోపల నేల మీద అక్కడక్కడా పెట్టండి. ఆ నీళ్లు 90 డిగ్రీల నుంచి 40కి చల్లారేలోపు వెయ్యి కిలో కేలరీల వేడి ఇస్తాయి. వెయ్యి వాట్ల హీటరు గంట పైన నడిచినంత వేడి అది. దీనికి రెండు కిలోల ఎండు మల్బరీ కట్టె చాలు. పొగ లేదు, విషం లేదు. తేమ తగ్గితే ఒక గిన్నె మూత కొంచెం తీసి పెట్టొచ్చు. పిల్లలు కాలు పెట్టకుండా చూసుకోవాలి, అంతే.

ఎవరి పని ఇది

చివరగా ఒక మాట. కట్టె ఎంపిక గురించి గుంపుల్లో రాసేది, అడిగేది మగవాళ్లే. పొయ్యి ముందు కూర్చుని ఊదేది మాత్రం ఎక్కువగా ఆడవాళ్లు. పచ్చికట్టె తెచ్చి పడేసినవాడి కళ్లు మండవు, ఊదేవాళ్ల కళ్లు మండుతాయి. బెంగళూరు ఐఐఎస్సీ వాళ్లు 1980ల్లోనే అస్త్ర ఓలె అని పొగ తక్కువ పొయ్యి చేసి కర్ణాటక పల్లెలకు తెచ్చారు. మంచి పొయ్యిలు అప్పటి నుంచీ వస్తూనే ఉన్నాయి. కొన్నవాటిల్లో చాలా మూలన పడ్డాయి. పొయ్యి తెచ్చేటప్పుడు ఉన్న ఉత్సాహం కట్టె ఎండబెట్టేటప్పుడు ఉండదు. ఎండబెట్టే పని పొయ్యి ఊదేవాళ్లది కాదు, తోట కత్తిరించేవాళ్లది. కోసిన రోజే మంచి మొదళ్లు ఏరి, జానెడు ముక్కలు చేసి, రేకు కింద పెట్టి పోతే, డెబ్భై రోజుల తర్వాత ఎవరూ ఊదనక్కర్లేదు.

కాబట్టి ఈ పంట ఎత్తగానే మూడు పనులు చెయ్యండి. రోగం లేని కట్టె ముప్ఫై నలభై కిలోలు వేరు పెట్టండి. అది ఎండే చోటు షెడ్డుకు దూరంగా చూసుకోండి. షెడ్డులో, పక్క గదిలో కుంపటి ఉంటే ఈ రోజే బయటికి తీయండి. మొదటి రెండూ పంట కోసం, మూడోది మనిషి కోసం. మూడూ చెయ్యడానికి టైము లేదంటే మూడోది ముందు చెయ్యండి.

మీ ఊళ్లో చిన్న పొయ్యికి ఏ కట్టె బాగా పనికొస్తోందో వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే వారం అందరికీ పంపుతాం.